పళ్లు తోమలేదని కోప్పడకండి



ఆ మధ్య వేసవి సెలవులకి మా ఆడపడుచు కూతురు వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. వాళ్లది కనిగిరి దగ్గర పల్లెటూరు. మంచి చలాకీ పిల్లే గాని, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పళ్ల మీద గోధుమరంగు చారలు. "సరిగ్గా తోముకోవేమే?" అని నలుగురిలో అనేశాను. "రోజుకి రెండుసార్లు తోముతాను అత్తయ్యా, అవి పోవు. మా బళ్లో చాలామందికి ఇంతే" అంది తలవంచుకుని. నాకు చాలా సిగ్గనిపించింది.

అది పిల్ల తప్పు కాదు, నీళ్ల తప్పు. ఆ ప్రాంతంలో భూమి అడుగున రాళ్లలో ఫ్లోరైడ్ ఉంది. బావినీరు, బోరునీరు ఆ రాళ్లను ఒరుసుకుంటూ దాన్ని కరిగించుకుంటాయి. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు ఆ జిల్లా ప్రజల్లో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి రాశారు.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు సర్దుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. అది మించితే, ఎనిమిదేళ్లలోపు పిల్లలకి చిగుళ్లలో తయారవుతున్న పళ్లే పాడవుతాయి. ఉప్పూ బొగ్గూ పెట్టి రుద్దితే మచ్చ పోదు, పన్ను అరుగుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా ఒంట్లో చేరితే కీళ్లు బిగుసుకుని నడుము వంగిపోతుంది.

మనం ఇక్కడే పొరపడతాం. నీళ్లు తేటగా ఉన్నాయి, కాచి చల్లార్చాం, ఇంకేం భయం అనుకుంటాం. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. కాస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా అంతే. బిందెలో పటిక తిప్పితే మట్టి దిగుతుంది, అంతవరకే. నాగపూరు నీరీ సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటికతోపాటు సున్నం, బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. కాని మోతాదు నీటిని పరీక్షించి కట్టవలసిందే, చేతి అంచనా పనికిరాదు.

మరి మనమేం చెయ్యాలి? పట్నంలోనూ బోరునీళ్లు, ట్యాంకరు నీళ్లు తాగేవాళ్లం ఉన్నాం. ఒక్కసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోండి. ఎక్కువని తేలితే శుద్ధి చేసిన నీళ్లు తాగడానికే కాదు, వంటకీ వాడండి. అన్నం, పప్పు నీళ్లు పీల్చుకునే ఉడుకుతాయి కదా! స్నానానికి, బట్టలకి ఆ బోరునీళ్లే చాలు. పిల్లలకి పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ పెట్టండి. ఒంట్లో సున్నం చాలని పిల్లలకి ఈ జబ్బు మరీ హాని చేస్తుంది. నల్ల ఉప్పు, పాలు లేని టీ తగ్గించండి. వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇంకొక్క మాట. పెళ్లిచూపుల్లోనో, పనికి కుదిరేటప్పుడో ఏ ఆడపిల్ల పళ్లయినా అలా కనిపిస్తే శుభ్రం లేని పిల్ల అనుకోకండి. "మీ ఊళ్లో ఏ నీళ్లు తాగుతారమ్మా?" అని అడగండి. మా పిల్లని నేను మొదట అడగవలసిన మాట అదే.