కోడిపిల్లల కాళ్లు పడిపోవుట



నేను పశువైద్యుడను కాను. ముప్పది ఏండ్లుగా పెరటిలో నాటుకోళ్లను పెంచుచున్న రైతును. కోడిపిల్లలకు కాళ్లు పడిపోయినపుడు నేనొకసారి చేసిన మేలును, మరియొకసారి చేసిన తప్పును మీకు విన్నవించెదను. తప్పే మీకెక్కువ ఉపయోగపడునని నా తలంపు.

ఒక వర్షకాలమున గ్రద్దలకును పిల్లులకును వెరచి, పదునాలుగు పిల్లలను మూడు వారములు గంపక్రిందనే ఉంచి, మరపట్టిన బియ్యపు నూకలు మాత్రమే వేసితిని. అంతట నాలుగు పిల్లలు నిలువజాలక మడమలపై కూలబడినవి. వానిలో రెండింటి వ్రేళ్లు లోపలికి ముడుచుకొనిపోయెను. ఇరుగుపొరుగువారు దిష్టి యనిరి. పశువైద్యశాలకు పోగా, అచటి వైద్యుడు మందుమాట యెత్తకమునుపే "తిండి యేమి పెట్టుచున్నారు?" అని యడిగెను.

ఆ ప్రశ్నవెనుక నొక కథ గలదు. 1890 ప్రాంతమున జావాద్వీపమునందలి బటేవియా నగరమున, అనగా నేటి జకార్తాలో, ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుచుండెను. అతని ప్రయోగశాలలోని కోళ్లకు అకస్మాత్తుగా కాళ్లు తడబడ నారంభించెను. అది క్రిమివలన కలిగినదని అతడు మొదట తలచెను. కొన్ని నెలలకు కోళ్లు వాటంతటవే కోలుకొనెను. విచారింపగా తేలినదేమన, అంతవరకు వానికి సైనికుల ఆసుపత్రిలో మిగిలిన తెల్లబియ్యపు అన్నము పెట్టిరి. క్రొత్తగా వచ్చిన వంటవాడు ఆ యన్నము నిచ్చుటకు నిరాకరింపగా, పై పొర తీయని బియ్యము వేసిరి. ఆ పొరలోనే ప్రాణము నిలుపు పదార్థము ఉన్నది. నేడు దానిని బి-1 విటమిను, థయమిన్ అనుచున్నారు. ఈ పరిశోధనకు ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానము లభించెను. మన ఉత్తర సర్కారు జిల్లాలలో సైతము, తెల్లబియ్యమే ఆహారమైన చోట్ల, ఒకప్పుడు బెరిబెరి మనుష్యులను బాధించినది.

వైద్యుని మాటపై నేను తాజా తవుడు, సన్నగా తరిగిన తోటకూర, మునగాకు, మజ్జిగ పెట్టి, బి-కాంప్లెక్సు చుక్కలను సీసాపై వ్రాసిన మేరకు నీటిలో కలిపి యిచ్చితిని. ప్రొద్దుట యెండలోనికి విడిచితిని. వారము తిరుగకమునుపే రెండు పిల్లలు లేచి పరుగులిడినవి. వ్రేళ్లు ముడుచుకొన్న రెండును బ్రతికినవి గాని, కుంటితనము పోలేదు. ముడుత ముదిరినపిమ్మట మందు పనిచేయదని అప్పుడు తెలిసికొంటిని.

ఇక నా తప్పు వినుడు. మరుసటి వేసవిలో పొరుగింటి చెల్లెలు పరుగున వచ్చి, "అన్నా, నా పిల్లలకును కాళ్లు పడిపోయినవి, నీవు మందు చెప్పుము" అనినది. ఆమె భర్తను కోల్పోయినది; ఆ యిరువది పిల్లలను పెంచి యమ్మి కూతురికి బడిపుస్తకములు కొనవలెనని యుండెను. నేను గంపయెత్తి చూడనైన చూడక, "తవుడు పెట్టుము, తగ్గిపోవును" అంటిని. మూడవనాటికి పిల్లలు నోరు తెరచి రొప్పసాగినవి, ఆకుపచ్చగా పారినవి, మెడలు వంకరవోయినవి. అది రాణిఖేతు తెగులు. దానికి తవుడు మందుకాదు. ఇరువదింటిలో రెండు మిగిలినవి. ఆమె నన్ను నిందింపలేదు. అదియే నాకు భారమైనది.

కావున పెద్దలారా, మందు చెప్పకమునుపు గంపయెత్తి చూడుడు. వ్రేళ్లు లోపలికి ముడుచుకొన్నచో బి-2 లోపమని అనుమానింపుడు. మజ్జిగ, ఆకుకూర, బి-కాంప్లెక్సు వెంటనే ఈయుడు. తల వెనుకకు వాలి ఆకాశమువైపు చూచుచున్నచో బి-1 లోపము కావచ్చును. ముక్కును ఎముకలును మెత్తబడినచో ఎండ చాలలేదు, లేదా సున్నపుపాలు చాలలేదు. డి విటమిను కొరకు ఎండ చూపుడు, పిల్లల దాణా పెట్టుడు. గ్రుడ్లుపెట్టు కోళ్ల దాణా మాత్రము పెట్టకుడు. దానిలోని యధిక సున్నము పిల్లల మూత్రపిండములను చెరచును. పొదిగిన మొదటి దినములలోనే కాళ్లు చెరియొక ప్రక్కకు జారినచో నున్నని నేల కారణము. గోనె పరచి, మెత్తని గుడ్డపేలికతో రెండు కాళ్లను సహజమైన యెడముండునట్లు మూడునాలుగు దినములు కట్టుడు.

ఏ కారణమైనను, నిలువలేని పిల్లను వేరుపరచి, నీరును తిండిని దాని ముక్కుకు అందునంత దగ్గర నుంచుడు. నిలువలేని పిల్లలు దాహమువలనను చచ్చును.

రొప్పుట, ఆకుపచ్చని పారుడు, మెడ వంకర, ఒకేసారి పలు పిల్లలు పడుట కనిపించినచో ఆలసింపక పశువైద్యునికి తెలుపుడు; చచ్చినవానిని లోతుగా పూడ్చుడు. పుట్టిన వారము లోపల కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క మందు, ఎనిమిదవ వారమున సూదిమందు వేయించినచో ఈ తెగులును చాలవరకు తప్పింపవచ్చును.

ఆ చెల్లెలు మరుసటి యేడు మరల పిల్లలను పొదిగించినది. ఆ దినము నేనే గంప మోసికొని ఆమెతో పశువైద్యశాలకు పోతిని. మీ యూళ్లలోను ఎవరైన "మందు చెప్పుడు" అని వచ్చినచో, ముందు చూచి, పిమ్మట చెప్పుడు.