పెరటి అతిథులు – సీతాకోకచిలుకల ఛాయాచిత్రణం
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండిన పాఠశాల గోడల మీద తరగతుల ఛాయాచిత్రాలు వరుసగా వేలాడుతూ ఉంటాయి. ఏ యేట ఎవరు చదివారో, ఎవరి పక్కన ఎవరు నిలుచున్నారో వాటిని చూసి చెప్పవచ్చు. కానీ ఆ పిల్లలు ఆడుకున్న ఆవరణలోని కరివేప చెట్టు మీద ఆ యేడు ఏ సీతాకోకచిలుక గుడ్లు పెట్టిందో తెలిపే చిత్రం మాత్రం సాధారణంగా కనిపించదు. మనుషులను గుర్తుంచుకొనడానికి పడిన శ్రమలో కొద్దిపాటి అయినా వారి చుట్టూ బ్రతికిన ప్రాణుల కోసం పడలేదు. ఆ లోటును తీర్చే పని చిన్న పెరడున్న ఇంట కూడా సాధ్యమే.

ఇందుకు బొమ్మసంద్ర మంచి ఉదాహరణ. బెంగుళూరు నుండి హోసూరుకు పోయే రహదారి మీద, ఆనేకల్ తాలూకాలో ఉన్నదా ఊరు. పేరు చివరి ‘సంద్ర’ ‘సముద్ర’ శబ్దం నుండి వచ్చినది. చెరువును సముద్రమని పిలుచుకున్న కాలం నాటి పేరది. ఆ సీమలోను, పక్కనున్న హోసూరు సీమలోను తరతరాలుగా తెలుగు పలికే కుటుంబాలున్నవి. నేడు బొమ్మసంద్ర అనగానే పారిశ్రామికవాడ స్ఫురిస్తుంది. 2025 ఆగస్టు నుండి మెట్రో రైలు పసుపు మార్గానికి అదే చివరి స్టేషను. పడమటి దిక్కున బన్నేరుఘట్ట అడవి ఉన్నది. అక్కడ 2006లో సీతాకోకచిలుకల ఉద్యానం వెలసింది. కానీ కర్మాగారాల నడుమ మిగిలిన ఒక పెరటిలో, నాలుగు కుండీల చెంతనే, ఆ అందాన్ని టిక్కెట్టు లేకుండా చూడవచ్చు.

వేసవి చివరి రోజులు, అనగా మే నెల రెండవ సగం, ఈ పనికి అనువైన కాలం. ఋతుపవనాలకు ముందు పడే జల్లులకు ఎండిన కొమ్మలు చిగురిస్తాయి. లేత ఆకును వెదకి తల్లిచిలుక గుడ్డు పెడుతుంది. తడిసిన మట్టి మీద మగచిలుకలు వాలి లవణాలను పీల్చుకుంటాయి. ఇదే రోజులలో ఆకాశంలో మరొక యాత్ర సాగుతూ ఉంటుంది. బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో వంటి చిలుకలు నైరుతి ఋతుపవనాలు రాకముందే పడమటి కనుమలను విడిచి తూర్పు మైదానాల వైపు, తూర్పు కనుమల వైపు తరలిపోతాయి. అక్టోబరు, నవంబరు మాసాలలో వాటి సంతతి తిరిగి పడమరకు మళ్ళుతుంది. ఈ రాకపోకలపై శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే 2005లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. రెండు కనుమల నడుమ ఉన్న బొమ్మసంద్ర పెరటిలో వాలిన బ్లూ టైగర్ ఆ ఊరిది కాకపోవచ్చు. దారిన పోతూ తేనె కోసం ఆగిన బాటసారి కావచ్చు.

అయితే ఒక మాట. చిలుకను చిత్రించదలచినవారు ముందుగా గొంగళిపురుగును సహించాలి. లైమ్, కామన్ మార్మన్ అనే చిలుకలకు కరివేప, నిమ్మ కావాలి. ప్లెయిన్ టైగరుకు జిల్లేడు, కామన్ క్రోకు గన్నేరు, కామన్ క్యాస్టరుకు ఆముదం, రెడ్ పియెరోకు రణపాల. పూలమొక్కలు తేనెకు మాత్రమే. వంశం నిలిచేది ఆకు మీద. కరివేప రెమ్మ బోసిపోయిందని ఇంటి ఇల్లాలికి కోపం రావడం సహజం. మందు చల్లితే రెమ్మ దక్కుతుంది, చిలుక దక్కదు. వంటింటికొకటి, అతిథులకొకటిగా రెండు మొక్కలు నాటుకొనడమే తగవు తీరే మార్గం. లైమ్ చిలుక గొంగళి చిన్నతనంలో పిట్టరెట్టలా ఉంటుంది; పెరిగి ఆకుపచ్చనవుతుంది; తాకితే తల వెనుక నుండి నారింజరంగు కొమ్ములు చాచి ఘాటైన వాసన విడుస్తుంది. గుడ్డు నుండి రెక్కల వరకు నెల రోజులు అటూ ఇటూ పడుతుంది. ఆ నెలంతా చిత్రించినవారికి ఒక జీవితచరిత్రే దక్కుతుంది.

చిత్రం తీయడానికి ఉదయమే మేలు. సీతాకోకచిలుక శీతలరక్త జీవి. ఎండలో రెక్కలు చాచి ఒళ్ళు వేడెక్కించుకొన్న తరువాతనే చురుకుగా ఎగురగలదు. ఆ కాసేపు అది కదలదు. తన నీడ దాని మీద పడకుండా, వంగి, మెల్లగా సమీపించాలి. రెక్కల తలానికి కెమెరా సమాంతరంగా ఉంటే రెక్క అంతా స్పష్టంగా వస్తుంది. ఫిలిం రీలులో 36 చిత్రాలే ఉన్న కాలంలో ప్రతి మీటా ఖర్చే. నేడు చేతిలోని ఫోనుతో కూడా మంచి చిత్రం వస్తుంది. కావలసినది ఓర్పు మాత్రమే. పూర్వం చిలుకను గుర్తించాలంటే వలతో పట్టి సూదితో గుచ్చేవారు. నేడు చిత్రం మనవద్ద ఉంటుంది, చిలుక తన దారిన పోతుంది.

రెక్క పైభాగాన్ని, అడుగుభాగాన్ని రెండింటినీ తీయాలి. అందుకు కారణమున్నది. జిల్లేడు తిని పెరిగిన ప్లెయిన్ టైగర్ ఒంట విషముంటుంది గనుక పక్షులు దానిని ముట్టవు. డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడచిలుకకు విషం లేదు. ప్లెయిన్ టైగర్ వేషమే దానికి రక్ష. గంగపాయల కూర తిని పెరిగే ఈ చిలుక ఎగురుతుండగా చూచిన కన్ను మోసపోతుంది. చిత్రంలో ప్లెయిన్ టైగర్ వెనుక రెక్క నడుమ మూడు నాలుగు నల్లచుక్కలు కనిపిస్తాయి. ఎగ్‌ఫ్లైకి పై అంచున ఒక్కటే మచ్చ. అలాగే ఈవెనింగ్ బ్రౌన్ చిలుక రెక్కల అడుగుభాగం వేసవిలో ఎండుటాకును పోలి ఉంటుంది. వానకాలపు తరంలో అక్కడ కంటిచుక్కలు తేలుతాయి. మే నెల చిత్రాన్ని, ఆగస్టు చిత్రాన్ని పక్కపక్కన పెడితే ఋతువు మారిన తీరు రెక్క మీదనే చదువవచ్చు.

ఇంతకూ అందం ఒక్కటే చిత్రానికి విలువ నివ్వదు. తేదీ, ఊరు, వాలిన మొక్క పేరు రాసిన మసక చిత్రం, ఏ వివరమూ లేని అందమైన చిత్రం కంటె పదింతలు విలువైనది. ఊరు మారుతున్నది. ఖాళీ స్థలంలో గోడ లేచిననాడు జిల్లేడు పొద పోతుంది. జిల్లేడుతో పాటు ప్లెయిన్ టైగరూ పోతుంది. అది ఒకప్పుడు అక్కడ ఉండేదని ఎవరూ రాసి ఉంచకపోతే, పోయిన సంగతి సైతం ఎవరికీ తెలియదు. తెలియని నష్టానికి విచారించేవారుండరు, దిద్దుకొనేవారూ ఉండరు.

కనుక ఈ జూబిలీ గుర్తుగా పాఠశాల ఆవరణలో ఒక కరివేప, ఒక నిమ్మ, కంచె పక్కన ఒక జిల్లేడు నిలుపుకొనడం, తరగతి గదిలో ఒక నోటుపుస్తకం ఉంచడం ఉచితం. ఏ రోజు ఏ చిలుక ఏ మొక్క మీద కనిపించిందో పిల్లలే రాయాలి, చిత్రాన్ని పక్కనే అతికించాలి. ఏమీ కనిపించని రోజున ‘ఏమీ కనిపించలేదు’ అని కూడా రాయాలి. నూరేళ్ళ పండుగ నాటికి తరగతి చిత్రాల పక్కన మరొక వరుస ఏర్పడుతుంది. నాటి విద్యార్థులు ఆ పుస్తకాన్ని తెరచి, బయట కరివేప చెట్టు వద్దకు వెళ్ళి, సరిపోల్చి చూచుకొనగలుగుతారు.