సెలవు మీద కాదు, డ్యూటీ మీద

(ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు అలవాటు లేవు. వార్డులో అయితే చేతులు ఎలా కడుక్కోవాలో గంటసేపు చెప్పగలను. ఇవాళ నన్ను ‘శిక్షణ - ఉద్యోగినుల హక్కు’ అన్న విషయం మీద మాట్లాడమన్నారు. హక్కు సంగతి తర్వాత. ముందు, ఒక సదస్సుకు పోవడానికి మా యాజమాన్యం చేత నేను డబ్బు పెట్టించిన కథ చెప్తాను. సగమే పెట్టించగలిగాను. అది కూడా రెండోసారికి.

నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. ఆపరేషన్ గాయం చీము పట్టిందా, మూత్రపు గొట్టం ఎన్ని రోజుల నుంచి ఉంది, ఎవరికైనా సూది గుచ్చుకుందా, రక్తం అంటిన దూది పసుపు సంచిలో పడిందా లేదా - ఇవన్నీ చూసి నెలనెలా లెక్క కట్టడం నా పని. ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు కావాలంటే ఈ పనికి ఒక నర్సు ఉండి తీరాలి. తనిఖీ వాళ్ళు వచ్చిన రోజు బల్ల మీద అన్నిటికంటే ముందు నా రిజిస్టర్లే ఉంటాయి. వాళ్ళు వెళ్ళిపోయాక నేను మళ్ళీ ఉత్త సిస్టర్‌ని.

మొదటిసారి, చెన్నైలో మా పని మీదే మూడు రోజుల సదస్సు జరుగుతోందని తెలిసి అడ్మినిస్ట్రేటర్ గారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. “పంపిస్తారా సార్” అన్నాను. అదీ నా అర్జీ! ఆయన కాగితాల మీంచి తల ఎత్తకుండానే, “సెలవు పెట్టుకుని వెళ్ళిరా అమ్మా, మేమేమైనా వద్దన్నామా?” అన్నారు. నేను తలుపు దాకా వచ్చాక, “ఇంట్లో పంపుతారా?” అని కూడా అడిగారు. ల్యాబులో పనిచేసే మగపిల్లల్ని ఆయన ఆ మాట అడగగా నేనెప్పుడూ వినలేదు.

చీటీ పాడిన డబ్బుతో వెళ్ళాను. రుసుము, రైలు, బస అన్నీ కలిపి తొమ్మిది వేల పైన అయింది. తిరిగొచ్చి, గొట్టం ఎప్పుడు తీసెయ్యాలో రోజూ చూసుకునే ఒక పట్టిక తయారుచేసి వార్డుల్లో పెట్టాను. నాలుగు నెలల తర్వాత తనిఖీ ఫైలు తిరగేస్తుంటే నా సర్టిఫికెట్ జిరాక్సు కనపడింది. దాని పైన ‘సంస్థ సిబ్బందికి ఇచ్చిన శిక్షణ’ అని రాసి ఉంది. నా సెలవు, నా చీటీ డబ్బు, వాళ్ళ ఫైలు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అదే సంవత్సరం మా డాక్టర్లు ఇద్దరు సదస్సులకు వెళ్ళారు. ఖర్చు ఆస్పత్రిదే. వాళ్ళు వెళ్ళడం నాకు కడుపుమంట కాదు, వెళ్ళాల్సిందే. ఒకప్పుడు డాక్టర్లను మందుల కంపెనీలు పంపేవి. 2009 డిసెంబరులో మెడికల్ కౌన్సిల్ ఆ ప్రయాణాలు పుచ్చుకోకూడదని నిబంధన తెచ్చింది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమావళి కంపెనీలనూ కట్టడి చేసింది. దాంతో మా దగ్గర డాక్టర్లు ఉద్యోగ ఒప్పందంలోనే సదస్సు ఖర్చు రాయించుకుంటున్నారు. మనల్ని పంపడానికి ఏ కంపెనీ ఎప్పుడూ రాలేదు, ఒప్పందంలో ఆ వాక్యమూ లేదు. నర్సుల సంఘం, టి.ఎన్.ఎ.ఐ., 1908 నుంచీ ఉంది. నర్సులు ఒకచోట కూడి తమ వృత్తి గురించి మాట్లాడుకోవడం నిన్న మొన్నటి సరదా కాదు.

రెండోసారి నోటితో అడగలేదు. ఒక్క పేజీ రాశాను. ఆరు నెలల్లో మా దగ్గర ఎంతమందికి సూదులు గుచ్చుకున్నాయి, వాళ్ళ పరీక్షలకు, మందులకు ఆస్పత్రి ఎంత ఖర్చు పెట్టింది - నా రిజిస్టరులోవే ఆ అంకెలు. వాటి కిందనే సదస్సు ఖర్చు వేశాను. నా మూడు రోజుల పని చూస్తామని ఇద్దరు సిస్టర్లు సంతకాలు చేశారు. తిరిగొచ్చాక రాత్రి డ్యూటీ వాళ్ళతో సహా ప్రతి షిఫ్టుకూ ఏ తేదీన క్లాసు చెప్తానో కూడా రాశాను. అన్నిటికంటే పని చేసింది ఆ ఇద్దరి సంతకాలు. ఎందుకంటే ఆయన నోట వచ్చిన మొదటి మాట, “నీ పని ఎవరు చేస్తారు?”

మూడు కోరికలు విడివిడిగా రాశాను: డ్యూటీ ఆర్డరు, రుసుము, ప్రయాణ ఖర్చు. కలిపి అడిగితే ఒకటి కాదనడంతో మూడూ పోతాయి. డబ్బు రాకపోయినా ఫరవాలేదు గానీ డ్యూటీ ఆర్డరు వదలకండి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం, ఉద్యోగం పని మీద వెళ్ళిన చోటును కూడా పనిస్థలంగానే లెక్కించింది. సెలవు మీద వెళితే, ‘అది ఆమె సొంత ప్రయాణం’ అని తప్పుకోవడానికి యజమానికి సందు దొరుకుతుంది. ఇంకో సంగతి. మీలో అంతర్గత కమిటీల్లో ఉన్నవాళ్ళున్నారు. ఆ కమిటీ సభ్యులకు అవగాహన తరగతులు పెట్టించడం అదే చట్టంలోని 19వ సెక్షను ప్రకారం యజమాని బాధ్యత. దాన్ని దయగా అడగకండి. 1976 సమాన వేతన చట్టంలో, 1987 సవరణ తర్వాత, శిక్షణలో స్త్రీలపై వివక్ష కూడదని పేరు పెట్టి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లో పని షరతుల్లో వివక్ష కూడదని ఉంది గానీ శిక్షణ అన్న మాట విడిగా లేదు. మన సంఘాలు దీన్ని పట్టించుకోవాలి.

“నిన్ను పంపితే అందరూ అడుగుతారు” అన్నారాయన. అడగనివ్వండి సార్ అనాలని నాకు బస్సెక్కాక తట్టింది. ఆ తర్వాత, రెండేళ్ళు మానేయనని బాండు రాయమన్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పటికే వాళ్ళ బీరువాలో ఉన్నాయి, ఇంకో కాగితం రాయనన్నాను. డాక్టర్లు రాశారా అని అడిగాను. జవాబు లేదు. వారం తర్వాత డ్యూటీ ఆర్డరు, రుసుము వచ్చాయి. రైలు ఖర్చు నాదే. బాండు రాసేస్తే పోయేదిగా అని నా స్నేహితురాలు ఇప్పటికీ అంటుంది. నేనైతే మళ్ళీ అలాగే చేస్తాను.

ఇంట్లో ఏ గొడవా లేదంటే అబద్ధం చెప్పినట్టే. మొదటిసారి మా ఆయన, “ఎవరెవరు వస్తున్నారు, మగవాళ్ళున్నారా?” అని ఆరా తీశారు. అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు. రెండోసారి ముద్ర వేసిన ఆర్డరు చూపిస్తే, “ఆఫీసు పనైతే తప్పదుగా” అని అత్తయ్యే పిల్లవాడిని దగ్గర పడుకోబెట్టుకుంది. ఆ కాగితం ఆస్పత్రిలో కంటే మా ఇంట్లోనే ఎక్కువ పనిచేసింది. నేను గడప దాటడానికి ఆయనగారి ముద్ర కావలసి రావడం నాకు బాధగానే ఉంది. అయినా వాడుకున్నాను.

స్వచ్ఛంద సంస్థల వాళ్ళు నవ్వుకుంటున్నారు గానీ, మీ దగ్గర ఎలా ఉంది? ఊరూరా తిరిగి వివరాలు రాసుకొచ్చే కార్యకర్త ఒకరు, ఢిల్లీ సదస్సులో వాటిని చదివేది ఇంగ్లీషు వచ్చిన కోఆర్డినేటరు. గత మూడేళ్ళలో ఎవరెవరు వెళ్ళారో మీ రిజిస్టరు ఒకసారి తీసి చూడండి. దాతలకు బడ్జెట్ రాసేటప్పుడు ఫీల్డు కార్యకర్తల సదస్సు ఖర్చుకు ఒక పద్దు పెట్టండి.

ఏటా ఇద్దరు నర్సులను, కాంట్రాక్టు వాళ్ళతో సహా, వంతులవారీగా పంపాలని మేం పద్దెనిమిది మందిమి సంతకాలు చేసి ఇచ్చాం. ఆ కాగితం ఇంకా అడ్మినిస్ట్రేటర్ గారి బల్ల మీదే ఉంది. రాత్రి డ్యూటీ అమ్మాయి ఒకతె మాత్రం ఆగలేదు, నా అర్జీ అడిగి తీసుకెళ్ళింది. అందుకే ముప్పై జిరాక్సులు తీయించి తెచ్చాను, వెనక బల్ల మీద ఉన్నాయి. అంకెలు మాత్రం ఎవరివి వాళ్ళు వేసుకోండి.