ఆటగాడు ఎవరి సొత్తు?

(పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉపన్యాసకుడను కాను. రైల్వేలో గుమాస్తాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, కింది తరగతి ఉద్యోగంలో చేరి, శాఖాపరీక్ష వ్రాసి కుర్చీ ఎక్కినవాడిని. ప్రతి ఉగాదికీ ఈ వేదికమీద భాషను గురించీ, సాహిత్యాన్ని గురించీ పెద్దలు చక్కగా మాట్లాడుతూవుంటే వెనుక వరుసలో కూర్చుని వినేవాడిని. ఈ యేడు కార్యదర్శిగారు నన్ను పట్టుకొని, "కుర్రవాళ్ళకు పనికివచ్చే సంగతి ఏదైనా నాలుగు ముక్కలు చెప్పవయ్యా" అన్నారు. నాకు తెలిసిన సంగతులు రెండే. ఒకటి బదిలీ కాగితాలు, రెండవది క్రికెట్టు. ఈ రెండింటికీ చుట్టరికం వున్నదని ఈమధ్య నాకు తోచింది. ఆ ముక్కే మనవి చేస్తాను.

మాది పావగడ తాలూకా. తుమకూరు జిల్లాలో చేరినదన్న మాటేగాని, పటం తీసి చూస్తే మా తాలూకా ఆంధ్రదేశంలోకి చొచ్చుకొనిపోయి, దాదాపు అన్ని వైపులా అనంతపురం సీమే కనబడుతుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. బస్సుమీద బోర్డు కన్నడంలో వుంటుంది, బస్సులో సీటుకోసం తగాదా తెలుగులో జరుగుతుంది. మా చిన్నతనంలో రైలెక్కాలంటే పెనుకొండకో, హిందూపురానికో పోవలసిందే. అటువంటి ఊరినుంచి వచ్చి రైల్వేలో చేరాను గనుక, మొదటిసారి జీతం తీసుకొన్ననాడు మా అమ్మ శనిమహాత్ముని గుడిలో దీపం పెట్టింది.

ఇట్టి చోట క్రికెట్టు అభిమానం ఎట్లా వుంటుందో మీరే ఊహించుకోండి. 2008లో ఐ.పి.ఎల్. మొదలయ్యేసరికి మా ఊరు రెండుగా చీలింది. తెలుగు మాట్లాడుతాము గనుక హైదరాబాదు మనదని కొందరు, ఉప్పూ పప్పూ ఉద్యోగమూ ఇచ్చేది బెంగుళూరు గనుక అదే మనదని కొందరు. తమాషా ఏమిటంటే ఈ రెండు జట్లూ రెండుసార్లు చివరి పోటీలో తలపడ్డాయి. 2009 మే 24న జోహాన్నెస్‌బర్గులో డెక్కన్ చార్జర్సు 6 పరుగుల తేడాతో బెంగుళూరును ఓడించింది. 2016 మే 29న మన చిన్నస్వామి స్టేడియంలోనే సన్‌రైజర్సు 8 పరుగుల తేడాతో ఓడించింది. రెండుసార్లూ మా రచ్చకట్ట దగ్గర సగంమంది టపాకాయలు కాల్చారు, సగంమంది అన్నం ముట్టకుండా పడుకొన్నారు. రెండు వర్గాలూ తెలుగువాళ్ళే! మా ఇంట్లోనూ అంతే. నేను హైదరాబాదు, తమ్ముడు బెంగుళూరు. మా నాయన మాత్రం వేరుశనక్కాయలు ఒలుచుకొంటూ, "ఎవరు గెలిస్తే మన బావిలో నీళ్ళు పడతాయిరా?" అనేవాడు.

ఈ రెండు వర్గాలనూ ఒకచోటికి చేర్చినవాడు మహమ్మద్ సిరాజ్. హైదరాబాదులో ఆటో నడిపే తండ్రి కడుపున పుట్టినవాడు. 2017లో హైదరాబాదు జట్టు 2 కోట్ల 60 లక్షలకు పాడుకొన్నది. మరుసటి యేడు అంతే సొమ్ముకు బెంగుళూరు పాడుకొన్నది. పుట్టుక అక్కడ, పొట్టకూడు ఇక్కడ. అచ్చం మావాళ్ళలాగానే! అందుచేత మా ఊరిలో అతడు ఇద్దరికీ చుట్టమైనాడు. నేనూ మా తమ్ముడూ పేచీ లేకుండా చప్పట్లు కొట్టిన ఆటగాడు అతడొక్కడే.

చప్పట్లతోపాటు తిట్లూ తిన్నాడు. 2019లో కలకత్తా జట్టుమీద బంతులు అదుపు తప్పి, నడుముకన్న ఎత్తున రెండు వేసినందుకు ఆ మ్యాచిలో బౌలింగునుంచి తప్పించారు. ఆ రోజులలో "పోయి మీ నాయనతో ఆటో నడుపుకో" అని కూడా జనం అన్నారని అతడే తరువాత చెప్పుకొన్నాడు. మరుసటి యేడు అబుదాబిలో అదే కలకత్తామీద రెండు ఓవర్లు ఒక్క పరుగైనా ఇవ్వకుండా వేసి, 8 పరుగులకు 3 వికెట్లు తీశాడు. ఐ.పి.ఎల్. ఒక మ్యాచిలో రెండు మెయిడెన్ ఓవర్లు వేసిన మొదటివాడు అతడే. ఆ నవంబరులోనే, భారత జట్టుతో ఆస్ట్రేలియాలో వుండగా తండ్రి పోయినాడు. తిరిగి రాకుండా అక్కడే నిలిచి ఆడినాడు. 2021 జనవరిలో బ్రిస్బేనులో 5 వికెట్లు తీశాడు. ఆ దినం మా తమ్ముడు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఇక అసలు కథకు వస్తాను. 2024 నవంబరు 24, 25 తేదీలలో సౌదీ దేశంలోని జెడ్డాలో పెద్ద వేలంపాట జరిగింది. ఒక్కొక్క జట్టుకు 120 కోట్ల సంచి. పాతవాళ్ళలో ఆరుగురు వరకు వుంచుకొనే వీలుండేది. ముందుగా వుంచుకోనివాడిని వేలంలో ఇతరులు పాడుకొంటే, తిరిగి తీసుకొనే హక్కు కూడా కొంత వుండేది. బెంగుళూరువారు ముగ్గురినే వుంచుకొన్నారు. అందులో సిరాజ్ లేడు. వేలంలో గుజరాతు జట్టు 12 కోట్ల 25 లక్షలకు పాడింది. తిరిగి తీసుకొంటారా అని అడిగితే బెంగుళూరువారు వద్దన్నారు. సుత్తి పడింది. ఏడేళ్ళ సంబంధం ఆ దెబ్బతో తెగింది. మరొక వింత చూడండి. ఆ వేలంలోనే బెంగుళూరువారు భువనేశ్వర్ కుమారును 10 కోట్ల 75 లక్షలకు తీసుకొన్నారు. 2016లో బెంగుళూరును ఓడించిన హైదరాబాదు జట్టులో వున్న భువనేశ్వరే! మా ఊరిలో హైదరాబాదువాళ్ళకూ కడుపు మండింది, బెంగుళూరువాళ్ళకూ మండింది.

ఆ వారం నేను ఊరికి పోయివున్నాను. టీ కొట్టు దగ్గర మా తమ్ముడు గోడమీది సిరాజ్ బొమ్మను చింపి, "డబ్బుకు అమ్ముడుపోయినాడు" అని కేకలు వేస్తున్నాడు. మా నాయన అక్కడే బల్లమీద కూర్చున్నాడు. నెమ్మదిగా, "రేయ్, వాడు అమ్ముడుపోలేదు. మీవాళ్ళు కొనలేదు. రెండింటికీ తేడా లేదా?" అన్నాడు. తమ్ముడు నోరు మూశాడు.

ఆ మాట నాకు తగిలింది. ఎందుకు తగిలిందో చెప్పాలంటే నా ఇంటి సంగతి చెప్పుకోవాలి. అంతకు ఏడాది ముందు నాకు పరస్పర బదిలీ అవకాశం వచ్చింది. మా ఊరికి రెండు గంటల దారిలోని స్టేషనులో ఒక గుమాస్తా బెంగుళూరు రాదలచాడు, నేను అక్కడికి పోవచ్చును. మామూలుగా సొంత కోరికమీద మరొక డివిజనుకు పోతే సీనియారిటీలో అడుగునుంచి మొదలుపెట్టాలి. పరస్పరమైతే అంత నష్టం వుండదు. అమ్మ సంబరపడింది. నాయన వీధి గది సున్నం కొట్టించాడు. అయితే నా పాప చెవికి ఇక్కడ వైద్యం జరుగుతున్నది, ప్రతి నెలా చూపించాలి. నా భార్యకు ఇక్కడ చిన్న ఉద్యోగం. పది రాత్రులు ఆలోచించి, రానని చెప్పాను. ఊరిలో అందరూ, "పట్నం మరిగినాడు" అన్నారు. నాయన ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టం. ఎనిమిది నెలలు నాతో ఫోనులో మాట్లాడలేదు.

సోదరులారా! అభిమానమనేది ఎంత తీపో అంత చేదు. ఉగాది పచ్చడివంటిది. మనవాడనుకొన్నవాడు మనకు నచ్చినట్లు నిర్ణయించుకొంటే వాడిది గుణం, తనకు తగినట్లు నిర్ణయించుకొంటే ద్రోహం!

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో బేస్‌బాలు అనే ఆట వున్నది. అందులో పిచ్చరు మన బౌలరువంటివాడు. అక్కడ ఒకప్పుడు ఆటగాడు జట్టుకు కట్టుబానిసగా వుండేవాడు. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు, అడగకుండా నన్ను మరొక ఊరికి మార్చడమేమిటని ఎదురుతిరిగి, సుప్రీంకోర్టుదాకా పోయి, 1972లో ఓడిపోయినాడు. కాని 1975 డిసెంబరులో ఇద్దరు పిచ్చర్ల వ్యాజ్యంలో మధ్యవర్తి తీర్పు ఆటగాళ్ళ పక్షాన వచ్చింది. నేడు ఆరేళ్ళు పెద్ద లీగులో ఆడినవాడు, ఒప్పందం తీరగానే తన ఇష్టంవచ్చిన జట్టుకు పోవచ్చును. 2023 డిసెంబరులో జపాను పిచ్చరు యొషినొబు యమమొటో కోసం న్యూయార్కు జట్లు రెండూ ఆశపడ్డాయి. అతడు లాస్ ఏంజిలిసు జట్టుతో 12 ఏళ్ళకు 32 కోట్ల 50 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకొన్నాడు. అదే నెలలో ఒహటాని అనే మరొక జపాను వీరుడు టొరాంటోకు వస్తున్నాడని పుకారు పుట్టి, జనం ఒక విమానం పోయే దారిని గంటలతరబడి ఫోనులలో చూస్తూ కూర్చున్నారు. తీరా దిగినది ఎవరో వ్యాపారస్థుడు! ఒహటాని కూడా లాస్ ఏంజిలిసుకే పోయినాడు. ఆశపెట్టుకొన్న ఊళ్ళవారికి ఎంత బాధ కలిగివుంటుందో పావగడవాడిని గనుక నాకు అర్థమవుతుంది.

అయితే తేడా గమనించండి. యమమొటో ఎంచుకొన్నాడు. సిరాజ్‌ను ఎంచుకొన్నారు. మన వేలంలో ఆటగాడు తన కనీస ధర వ్రాసి ఇవ్వగలడు, అంతేగాని ఫలానా ఊరికే పోతానని అనలేడు. మా ఊరిలో చింతచెట్ల కాపు పాట పాడినట్లే. చెట్టును అడిగి ఎవరూ పాడరు. ఎంచుకొనే హక్కులేనివాడిమీద ఎంచుకొన్నాడన్న నేరం మోపడం ఏ న్యాయం? పోనీ, ఎంచుకొన్నాడే అనుకోండి. మా తిరుమణివైపు 13,000 ఎకరాలలో సోలారు పార్కు వచ్చినప్పుడు రైతులు భూమిని కౌలుకు ఇచ్చారు. మా బంధువులూ ఇచ్చారు. వానలు లేని సీమలో యేటా చేతికివచ్చే సొమ్మును చూసుకొన్నారు. వాళ్ళను ఎవరైనా అమ్ముడుపోయినారని అంటారా? వేగంగా బంతి వేసేవాడి భుజం పది పన్నెండేళ్ళ పంట. ఆ తరువాత బీడు.

2025 ఏప్రిల్ 2న సిరాజ్ గుజరాతు చొక్కాతో చిన్నస్వామి స్టేడియానికి తిరిగి వచ్చాడు. మా అమ్మానాన్నలు పాపను చూడటానికి వచ్చి మా ఇంట్లో వున్నారు. తమ్ముడూ వచ్చాడు. సిరాజ్ 4 ఓవర్లలో 19 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. గుజరాతు 8 వికెట్లతో గెలిచింది. మొదటి వికెట్టుకు తమ్ముడు పళ్ళు కొరికాడు. రెండవదానికి ఊరకున్నాడు. మూడవదానికి, "బాగా వేసినాడు పో" అన్నాడు. అప్పుడు నాయన నా పాపను ఒడిలో కూర్చోబెట్టుకొని, దాని చెవి దగ్గర మెల్లగా ఏదో అన్నాడు. అది వినబడి పక్కున నవ్వింది. నాయన నావైపు చూసి, "వినబడతా వుందిరా" అన్నాడు. అంతే. బదిలీ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2025 జూన్ 3న అహమ్మదాబాదులో పంజాబును 6 పరుగులతో ఓడించి, 18వ యేట బెంగుళూరు తొలిసారి కప్పు గెలిచింది. ఆ జట్టులో భువనేశ్వర్ వున్నాడు, సిరాజ్ లేడు. మరునాడు స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయినారు. ఆ దినం తమ్ముడు "వస్తాను, పోదాం" అని ఫోను చేశాడు. నాకు సెలవు లేదు, వద్దన్నాను. ఆ రాత్రి వార్త చూసి ఇద్దరమూ చాలాసేపు మాట్లాడలేకపోయినాము. ఆటగాడికోసం అంత దూరం పోయిన ఆ బిడ్డలు ఇల్లు చేరలేదు. అభిమానానికి హద్దు వుండాలని నేను చెప్పడం కాదు, ఆ తల్లుల కడుపుకోత చెబుతున్నది.

సిరాజ్ సంగతి అంటారా? రెండు నెలలకు, ఆగస్టు 4న లండను ఓవలులో చివరి వికెట్టు తీసి, 6 పరుగులతో దేశాన్ని గెలిపించాడు. 5 టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఆనాడు అతడు హైదరాబాదువాడా, బెంగుళూరువాడా, గుజరాతువాడా అని మా రచ్చకట్టమీద ఎవరూ అడగలేదు. తమ్ముడు టీ కొట్టు గోడకు కొత్త బొమ్మ అంటించాడు.

మనమందరమూ ఊరు విడిచి వచ్చినవాళ్ళమే. కొందరు ఎంచుకొని వచ్చాము, కొందరిని బదిలీ ఉత్తరువు తెచ్చింది, కొందరిని కరువు తరిమింది. వెనుక వున్నవాళ్ళు మనల్ని ఏమన్నా అనుకొని వుండవచ్చును. కనుక రేపు మన పిల్లలలో ఒకరు మరొక ఊరో, మరొక దేశమో ఎంచుకొన్నప్పుడు, బొమ్మ చింపేముందు ఒక్క నిమిషం ఆగండి. వాడి ఇంట్లో ఏ పాప చెవి నయంకావలసి వున్నదో మనకేమి తెలుసును?

ఈ సంవత్సరం పేరు పరాభవ. పేరు చూసి బెదరవద్దు. ఓటమిని తట్టుకోవడం పదిహేడేళ్ళు బెంగుళూరు అభిమానులు నేర్చుకొన్న విద్యే. పిల్లాపాపలతో అందరూ చల్లగా వుండాలని కోరుతూ సెలవు తీసుకొంటాను.