బహుమతిగా నాలుగేళ్ల చదువు
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. నేను చదరంగం మీదుగా అక్కడికి వస్తాను. బంటు ఎనిమిదో గడి చేరి మంత్రి అవుతుందన్న ఉపమానం మాత్రం చెప్పను. అది మీరు ప్రతి యూత్ మీటింగులోనూ విన్నారు. నేను మాట్లాడేది ఫీజుల సంగతి.

అమెరికాలో 1985 నుంచి ఒక టోర్నమెంట్ జరుగుతోంది. ఆ దేశపు మాజీ చెస్ చాంపియన్ ఆర్నల్డ్ డెంకర్ పేరు దానికి పెట్టారు. ప్రతి రాష్ట్రం నుంచి ఒక్కరు, ఆ రాష్ట్రపు హైస్కూల్ చాంపియన్, వచ్చి ఆడతారు. డల్లాస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం ఈ పోటీకి కళాశాల స్కాలర్‌షిప్‌ను బహుమతిగా ఇస్తూ వచ్చింది. సూసన్ పోల్గర్ ఆడపిల్లల కోసం నడిపిన పోటీల్లోనూ ఇదే పద్ధతి. ఆమె టెక్సస్ టెక్‌లో ఉన్నప్పుడు అక్కడి సీట్లు, 2012లో తన జట్టుతో సహా వెబ్‌స్టర్ విశ్వవిద్యాలయానికి మారాక అక్కడి సీట్లు బహుమతులయ్యాయి.

విశ్వవిద్యాలయాలు ఇదంతా ధర్మానికి చేస్తున్నాయనుకోకండి. అక్కడ ఫుట్‌బాల్ జట్టును బట్టి కళాశాలకు పేరొస్తుంది. ఆ జట్టు పెట్టాలంటే కోట్లు కావాలి. చదరంగానికి ఒక కోచ్, నాలుగు బోర్డులు, కొన్ని స్కాలర్‌షిప్‌లు చాలు. డల్లాస్ వాళ్లు 1996లో అలాగే మొదలుపెట్టారు. లెక్కలు, కంప్యూటర్లు బాగా వచ్చే పిల్లలు వాళ్లకు దొరికారు, పత్రికల్లో పేరూ వచ్చింది. టెక్సస్‌లో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయం పోటీ మీద ఏడాదికి కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తే, కొన్ని పరిమితులకు లోబడి, బయటి దేశం విద్యార్థి కూడా స్థానికుల ఫీజే కట్టవచ్చు. మన దేశపు గ్రాండ్‌మాస్టర్లు కొందరు అమెరికా జట్లలో ఆడుతూ డిగ్రీలు చేసింది ఇలాంటి స్కాలర్‌షిప్‌ల మీదే.

ఈ మాట విని ఇంటికెళ్లి పిల్లవాణ్ణి బడి మాన్పించి బోర్డు ముందు కూర్చోబెట్టే తండ్రులు ఉంటారని నాకు భయం. ఎందుకంటే మన కళ్ల ముందు గుకేశ్ ఉన్నాడు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ, 2024 డిసెంబరులో సింగపూర్‌లో 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. నాలుగో తరగతి తర్వాత పూర్తిస్థాయి బడికి వెళ్లలేదన్నది కూడా నిజమే. కానీ వాళ్ల నాన్న ఈఎన్‌టీ సర్జన్, అమ్మ మైక్రోబయాలజిస్టు. కొడుకుతో దేశాలు తిరగడానికి ఆ తండ్రి వైద్య వృత్తినే ఆపుకున్నాడు. మునిసిపాలిటీలో పనిచేసే అమ్మ, ఆటో నడిపే నాన్న అలాంటి పందెం కాయలేరు. ఓడితే తిరిగి నిలబడటానికి వాళ్ల దగ్గర ఇంకేమీ ఉండదు. అందుకే మన ఇళ్లకు కప్పు కంటే, నగదు కంటే స్కాలర్‌షిప్ మంచి బహుమతి అంటాను. ఆటలో పైకి రాకపోయినా చదువు మిగులుతుంది. నగదు ఇస్తే అది ఎవరి అప్పు తీర్చడానికి పోతుందో మీకు నేను చెప్పాలా?

ఉగాండాలోని కంపాలాలో కాట్వే అనే మురికివాడ ఉంది. ఫియోనా ముటేసి అక్కడి పిల్ల. చిన్నప్పుడే తండ్రి చనిపోయాడు, వీధిలో మొక్కజొన్నలు అమ్మింది. అన్న వెనకాలే వెళ్తే ఒక క్రైస్తవ సేవా సంస్థ తరఫున రాబర్ట్ కటెండే పిల్లలకు చదరంగం నేర్పుతున్నాడు. వచ్చిన పిల్లలకు ఒక కప్పు గంజి పోసేవారు. ఫియోనా మొదట వెళ్లింది గంజి కోసమే. తర్వాత ఒలింపియాడ్‌లో దేశం తరఫున ఆడింది. ఆమె మీద 2016లో సినిమా కూడా వచ్చింది. గ్రాండ్‌మాస్టర్ కాలేదు. అయినా 2017లో అమెరికాలోని నార్త్‌వెస్ట్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ మీద చేరింది. అది కూడా క్రైస్తవ విద్యాసంస్థే. ఈ కథలో చివరనున్న స్కాలర్‌షిప్‌ను అందరూ చూస్తారు. నా చూపు మాత్రం ఆ గంజి మీదే నిలుస్తుంది. గంజి లేకపోతే ఆ పిల్ల బోర్డు దగ్గరికే వచ్చేది కాదు.

మన సంగతికి వద్దాం. స్కాలర్‌షిప్ అనే మాట మనలో చాలామందికి ఎందుకు బరువైనదో మీకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్న దళితులకే ఎస్సీ హోదా. క్రైస్తవ దళితులకు లేదు. కొన్ని రాష్ట్రాలు కొన్ని రాయితీలు ఇస్తున్నాయి, అంతే. దానికి తోడు మన తాతలు పని వెతుక్కుంటూ వేరే భాషల రాష్ట్రాలకు వచ్చినవారు. కుల ధ్రువపత్రం అడిగితే ఏ ఊరిది, ఏ రాష్ట్రానిది అన్న ప్రశ్న. చదరంగం బోర్డు ముందు వయసు ధ్రువపత్రం తప్ప ఇంకేదీ అడగరు. ఆ మేరకు అది మనకు తెరిచి ఉన్న తలుపు.

కానీ ఆ తలుపు దాకా వెళ్లడానికే ఖర్చవుతుంది. ప్రతి టోర్నమెంటుకూ ఎంట్రీ ఫీజు. వేరే ఊళ్లో అయితే రైలు టికెట్టు, రెండు రాత్రుల బస. తోడు వెళ్లే పెద్దవాళ్ల కూలి పోతుంది. ఆడపిల్ల అయితే తోడు లేకుండా పంపరు. కోచింగ్ ఫీజు సరేసరి. స్కాలర్‌షిప్ పెట్టే నాటికి పేద పిల్ల ఎప్పుడో ఆట మానేసి ఉంటుంది, ఉన్నవాళ్ల పిల్లలే ఆఖరి వరకు మిగులుతారు. ఇంకో సంగతి కూడా ఉంది. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్లిన కాపరి కథ మనది. పోటీ మాత్రం ఒక్కరిని ఎత్తుకుని తొంభై తొమ్మిది మందిని ఇంటికి పంపేస్తుంది. కాబట్టి 1950 ఉత్తర్వు మీద మన పోరాటానికి ఈ బహుమతులు బదులు కావు. ఎవరైనా అలా అంటే ఒప్పుకోవద్దు.

మన దేశంలోనూ దారులు కొంచెం తెరుచుకుంటున్నాయి. ఐఐటీ మద్రాసు 2024లో క్రీడాకారులకు ప్రతి డిగ్రీ కోర్సులో రెండు అదనపు సీట్లు పెట్టింది. ఒకటి అమ్మాయిలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరుండాలన్న షరతు ఉంది. అంటే ఆటా ఆడాలి, పుస్తకమూ వదలకూడదు. నాకు ఆ షరతు నచ్చింది. మిగతా కళాశాలల్లో క్రీడా కోటా నిబంధనలు చోటుకో రకం. మీ రాష్ట్రంలో చెస్‌కు ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో, ఏ స్థాయి పోటీలో ఆడి ఉండాలో పదో తరగతి లోపే కనుక్కోండి, పన్నెండు అయ్యాక కాదు.

మనం చేయగలిగేది చిన్నదే. సండే స్కూల్ గది శనివారం సాయంత్రం ఖాళీగానే ఉంటుంది. అక్కడ నాలుగు బోర్డులు పెట్టండి. చాయ్, బిస్కెట్లు తప్పనిసరిగా పెట్టండి, గంజి సంగతి చెప్పాను కదా. నేర్పే బాధ్యత ఒక అన్నా, ఒక అక్కా తీసుకోండి. అక్క ఉంటే అమ్మాయిలను పంపుతారు. ఎంట్రీ ఫీజులకు ఒక చిన్న నిధి, దూరం వెళ్లే పిల్లకు తోడు వెళ్లేవారి పేర్ల జాబితా ఒకటి.

ఇక క్రిస్మస్ ఆటల పోటీలు. ఏటా గెలిచినవాళ్లకు స్టీలు గిన్నెలు, ప్లేట్లు ఇస్తున్నాం. మా ఇంట్లో అరడజను ఉన్నాయి. ఈసారి ఆ డబ్బంతా ఒకచోట వేసి, చెస్ పోటీకి ఒకే బహుమతి పెట్టండి: ఒక విద్యార్థి పరీక్ష ఫీజు. నేరుగా కాలేజీకే కట్టండి, చేతికి ఇవ్వొద్దు. ఓడిపోయినా ఏడాదంతా శనివారాలు వచ్చిన పిల్లకు వచ్చే టోర్నమెంట్ ఎంట్రీ ఫీజు మనమే కట్టాలి.

పోయిన క్రిస్మస్‌కు గిన్నెల ఖర్చెంతైందో లెక్క మీ సంఘ కోశాధికారి దగ్గర ఉంటుంది. భోజనాల దగ్గర ఆయన్ని అడగండి.