పిల్లల పాటయందలి పెద్దమాట



నేటి పిల్లలు వినెడి పాటలు మన చెవుల కింపుగా నుండవు. “ఇది పాటయా, గోలయా?” యని విసుగుకొని లేచిపోవుట మనకు పరిపాటి. నేనును అట్టివాడనే. కాని యొక పాట విషయమున నా తీర్పు తప్పిపోయినది. ఆ సంగతి తమకు మనవి చేయుటయే యీ ప్రసంగముయొక్క ఉద్దేశము.

పసిఫిక్ మహాసముద్రమున దక్షిణ దిక్కున న్యూజీలాండు అను ద్వీపదేశము కలదు. అందు ఆక్లండు పెద్ద పట్టణము. ఆ పట్టణమునకు జేరిన సముద్రతీరపు పేటలో ఎల్లా యెలిచ్ ఓకానర్ అను బాలిక పెరిగెను. ఆమె 1996వ సంవత్సరము నవంబరు నెలలో జన్మించెను. తల్లి కవయిత్రి, తండ్రి ఇంజనీరు. పండ్రెండవ యేట పాఠశాలలో జరిగిన పోటీయందు ఆమె పాడిన పాట యొక సంగీత కంపెనీవారి చెవిని బడెను. పదమూడవ యేటనే వారితో ఒడంబడిక కుదిరెను. లోకమున కామె ‘లార్డ్’ అను పేరుతో తెలియును. ప్రభువని యర్థమిచ్చు ఆంగ్లపదమునకు తుద నొక యక్షరము చేర్చి, దానిని స్త్రీ పేరుగా మార్చుకొనినది.

2012వ సంవత్సరమున, పదునైదేండ్ల ప్రాయమున, ఆమె ‘రాయల్స్’ అను పాట వ్రాసెను. రాజవంశమువారని దాని యర్థము. అమెరికాలో కాన్సస్ సిటీ నగరపు బేస్‌బాల్ జట్టునకును అదియే పేరు. ఆ జట్టులోని జార్జి బ్రెట్ అను ఆటగాడు బంతులపై చేవ్రాలు చేయుచుండగా 1976లో తీసిన ఛాయాపటము నొక దాని నామె ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికలో చూచెను. అతని చొక్కాపై నున్న ఆ యొక్క మాటయే యామె మనస్సున నాటుకొని పాటకు బీజమైనది.

జోయెల్ లిటిల్ అను సంగీతజ్ఞునితో గూడి, పాఠశాల సెలవులలో, ఆక్లండులోని చిన్న స్టూడియోలో దానిని రికార్డు చేసిరి. దీనిని ఎలక్ట్రానిక్ పాప్ సంగీతమందురు. అనగా మద్దెల మ్రోతలును, స్వరములును కంప్యూటరుతో కల్పించి, ఒకదానిపై నొకటి పేర్చి కూర్చెడి సంగీతము. యంత్రము చేతిలో నున్నప్పుడు పాటను మ్రోతలతో నింపివేయవలెనను ఆశ సహజము. వీరట్లు చేయలేదు. లోతుగా మ్రోగు దెబ్బ యొకటి, వ్రేళ్ల చిటికె యొకటి, ఆ బాలిక కంఠమునే పలుమారులు రికార్డు చేసి కలిపిన వంతపాట. ఇంతకు మించి అందు చెప్పదగిన ఆడంబరము లేదు. అందుచేత మాట స్పష్టముగా వినబడును.

ఆ మాట యేమి? ఆ కాలపు పాటలు బంగారమును, వజ్రములను, ఖరీదైన మద్యమును, మేలురకపు కార్లను వర్ణించుచుండెను. వానిని వినెడి పిల్లలలో పెక్కుమంది చేతిలోని చిల్లర లెక్కించుకొనువారు. “ఆ వైభవము మాది కాదు, మాకు రాదు, దానికై మేము దిగులుపడము. మాకున్నదానిలో మేమే రాజులమనుకొందుము” అనునదే ఆ పాట సారాంశము. మనము ఇంటింట పిల్లలకు చెప్పి విసిగిన మాట యిదియే కదా! దానిని మనము చెప్పిన వినని పిల్లలు, తమ యీడుదాని నోట వచ్చినప్పుడు చెవియొగ్గి వినిరి.

2012 నవంబరులో ఆ పాటను ఉచితముగా ఇంటర్నెట్టునందుంచిరి. 2013లో అది విక్రయమునకు వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో వెలువడిన ఆమె తొలి ఆల్బము ‘ప్యూర్ హీరోయిన్’కు అదియే ముందు నడచిన పాట. అక్టోబరు నెలలో అమెరికా దేశపు పాటల పట్టికలో మొదటి స్థానమునకెక్కి తొమ్మిది వారములు నిలిచెను. అప్పటి కామెకు పదునాఱేండ్లే. 2014 జనవరిలో ఆ పాటకు రెండు గ్రామీ బహుమానములు లభించెను.

ఆక్షేపణయు లేకపోలేదు. పాటలో పరిహసింపబడిన బంగారపు సొమ్ములు, మద్యము మున్నగునవి ముఖ్యముగా అమెరికాలోని నల్లజాతివారి పాటలకు సంబంధించినవనియు, తరతరములు లేమి ననుభవించినవారు సంపదను చాటుకొనుట వెనుక వేరొక చరిత్ర కలదనియు కొందఱు విమర్శించిరి. ఇది త్రోసివేయదగిన మాట కాదు. లేనివాని గొప్పలు వేఱు, కలవాని గొప్పలు వేఱు. సంతుష్టిని బోధించువాడు ఎవరి ఆశను పరిహసించుచున్నాడో చూచుకొనవలెను. మన పెద్దఱికమునకును ఈ హెచ్చరిక వర్తించును.

రేడియోవారికి సంబంధించిన చిన్న కథ యొకటి. 2014 అక్టోబరులో కాన్సస్ సిటీ జట్టునకును శాన్ ఫ్రాన్సిస్కో జట్టునకును గొప్ప పోటీ జరిగెను. శాన్ ఫ్రాన్సిస్కోలోని కొన్ని రేడియో కేంద్రములు, పాట పేరు ఎదుటి జట్టు పేరగుటచేత, ఆటలు ముగియువఱకు దానిని ప్రసారము చేయుట మానివేసెను! పాటలో ఆ యాట ప్రసక్తి లేదు. పేరు విని తీర్పు చెప్పిరి.

వారిని చూచి నవ్వవచ్చును. కాని మ్రోత విని తీర్పు చెప్పిన నేను వారికంటె మేలైనవాడను కాను. కావున నా విన్నపమొక్కటే. ఈ రాత్రి మీ మనుమడో మనుమరాలో పాట వినుచున్నప్పుడు, కట్టివేయుమనుటకు ముందు ప్రక్కన కూర్చుండి, “దీని యర్థమేమి, నాయనా?” యని యడుగుడు. ఆ పాట మంచిదే కావచ్చును, కాకపోవచ్చును. కాని యడిగిన తాతతో పిల్లవాడు మఱునాడును మాటలాడును. ఆ లాభము చాలదా?

సెలవు.