పట్టణాభివృద్ధి: బర్మింగుహాము చెప్పు పాఠము



పల్లెలలో పెద్దరికము నెరపుచున్న మీకు పట్టణసభలతో నేమి పని యని కొందరు తలపవచ్చును. నేనును చిరకాలము అట్లే తలచితిని. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెనుగు చెప్పి పదవి విరమించిన పిమ్మట, గత వేసవిలో మా ప్రాంతపు పట్టణమున పురపాలక సభ జరుగుచుండగా చూడబోయితిని. నాటి చర్చ పట్టణాభివృద్ధిని గూర్చినది. పాత కూరగాయల అంగడిని పడగొట్టి, అప్పు తెచ్చి, ఆ స్థలమున అంతస్తుల దుకాణములు కట్టవలెనా వలదా యనునది ప్రశ్న.

ఒక సభ్యుడు లేచి, దుకాణముల బాడుగలతో పురమునకు రాబడి పెరుగుననియు, పదిమందికి పని దొరకుననియు చెప్పెను. మరియొక సభ్యురాలు, బాడుగలు రాకున్న వడ్డీ ఎవరు కట్టుదురని యడిగెను. ఇరువురి మాటలయందును బలము కలదు. నా ప్రక్కన మా యూరి రైతొకడు కూర్చుండెను. వేకువజామున వంకాయల తట్టతో బండి యెక్కి యా యంగడికి పోవుట ఆతనికి ఇరువదియేండ్ల అలవాటు. ఆతడు నా చెవిలో, “పంతులుగారూ, అంతా బాగానే ఉన్నది గాని, రేపటినుంచి మా తట్టలు ఎక్కడ దించుకోమంటారండీ?” అని యడిగెను. సభ రెండు గంటలు సాగెను. ఆ ప్రశ్నను ఎవరును వేయలేదు. నిర్ణయము వాయిదా పడినది.

ఇంటికి వచ్చి, మునుపెన్నడో చదివిన బర్మింగుహాము నగరపు చరిత్రను మరల తీసి చదివితిని. పట్టణసభయే పూనుకొని ఊరి వృద్ధికి పాటుపడిన కథలలో దానికి మించినది నేనెరుగను. అందు మేలును గలదు, కీడును గలదు. అందుచేతనే మీకు వినిపింపదలచితిని.

బర్మింగుహాము ఇంగ్లండు నడిబొడ్డున నున్న ఊరు. ఇనుపసామాను, తుపాకులు, కలముల పాళీలు చేయు కార్ఖానాలతో పందొమ్మిదవ శతాబ్దమున మిక్కిలి పెరిగినది. అయినను ఆ యూరి పాలకసభలో, ఖర్చు తగ్గించుటయే పరమధర్మమని నమ్మిన సభ్యులు చాలకాలము ప్రబలులై యుండిరి. పన్ను పెరుగునను భయమున వారు మంచినీటికిని, మురుగుకాలువలకును గూడ ధనము వెచ్చింప వెనుదీసిరి. 1873వ సంవత్సరమున జోసెఫ్ చేంబర్లేను అను నాతడు నగరాధ్యక్షుడయ్యెను. ఆతడు మరమేకులు చేయించి అమ్మి ధనము గడించిన వర్తకుడు, లెక్క యెరిగినవాడు. 1876 వరకు మూడేండ్లలో ఆ సభచేత మూడు పెద్దపనులు చేయించెను.

మొదటిది దీపముల వాయువు. నాడు వీధిదీపములును ఇంటిదీపములును బొగ్గునుండి తీసిన వాయువుతో వెలుగుచుండెడివి. ఆ వాయువును రెండు ప్రైవేటు కంపెనీలు పోటీపడి అమ్ముచు, గొట్టములకై వీధులను వంతులవారీగా త్రవ్వుచుండెడివి. ఆ రెండింటిని ఊరే కొనవలెనని చేంబర్లేను ప్రతిపాదించెను. వెల యించుమించు ఇరువది లక్షల పౌనులు, అంతయు అప్పు. ఇంత ఋణము నెత్తికెత్తుకొనుట సాహసమని భయపడినవారు లేకపోలేదు. ఈ ఋణము తన వడ్డీని తానే కట్టుకొనునని ఆతడు లెక్కలు చూపించెను. 1875లో ఊరు ఆ కంపెనీలను కొనెను. మొదటి యేడాదిలోనే 34 వేల పౌనుల లాభము వచ్చి, కంపెనీల సంచులకు పోక ఊరి పనులకు చేరెను.

రెండవది మంచినీరు. ఆ యూర సగముమంది నూతినీరే త్రాగుచుండిరి. ఆ నూతులలో చాలవాటికి మురుగు చేరెడిది. 1876లో నీటికంపెనీని గూడ ఊరే కొనెను. ఇచ్చట చేంబర్లేను పద్ధతి మార్చెను. వాయువుమీద లాభము తీయుట న్యాయమే గాని నీటిమీద తీయరాదనియు, నీటివలన వచ్చు లాభము ప్రజల యారోగ్యమే యనియు ఆతడు వాదించెను. ఈ భేదమును మీరు గమనింపవలెను. పురపాలక సభ వర్తకము చేయవచ్చును. కాని దేనిని వర్తకముగా చేయవలెనో, దేనిని ధర్మముగా చేయవలెనో ముందే తేల్చుకొనవలెను.

మూడవది వీధి. ఊరి నడుమ ఇరుకైన మురికివాడలను తొలగించి, కార్పొరేషను వీధి యను పెద్దబాటను వేయుటకు 1875లో సంకల్పించిరి. దానికి ఇరుప్రక్కల నున్న భూమిని సభ అమ్మివేయలేదు. 75 ఏండ్ల కౌలుకిచ్చెను. గడువు తీరిన పిదప భూమియు, దానిపై కట్టడములును ఊరికే చేరును. మన తాతలు మాన్యపుభూమిని అమ్మక కౌలుకిచ్చినట్లే యిదియు. ఆ ప్రాంతమున 1873-75 నడుమ ఏటేట వేయిమందికి 53 మంది చొప్పున చనిపోవుచుండగా, 1879-81 నాటికి ఆ సంఖ్య 21కి తగ్గెను.

ఇంతవరకు మేలు చెప్పితిని. ఆ మురికివాడలలో కాపురమున్న బీదవారు ఏమైరి? ఇండ్లు పడగొట్టబడినవి, క్రొత్తవీధిలో దుకాణములు వెలసినవి. కూలివారికై సభ స్వయముగా కొలది యిండ్లను కట్టించుటకు 1890 ప్రాంతము వరకు, అనగా పదునైదేండ్లు, పట్టినది. ఈలోపల వారు ప్రక్కవాడలలో ఇరుకుకొనిరి; క్రమముగా ఊరి వెలుపలికి తరలిరి. మరణములు తగ్గినవన్న లెక్కలో, వెడలిపోయిన బీదల లెక్కయు కొంత కలిసియుండునని మనము మరువరాదు.

నీటి విషయమునను ఇట్టిదే జరిగినది. ఊరు పెరిగి నీరు చాలకపోగా, వేల్సు దేశపు కొండలలో ఏలాన్ లోయకు ఆనకట్టలు కట్టి, 73 మైళ్లు కాలువ త్రవ్వి, యంత్రములతో తోడు పని లేక వాలుననే నీరు పారించుకొనిరి. 1904లో ఆ పని ప్రారంభోత్సవము జరిగెను. అద్భుతమైన పని, నేటికిని ఆ నీరే పారుచున్నది. కాని యా లోయలో నుండిన నూరుమంది యిండ్లు, బడి, దేవాలయము నీట మునిగినవి. పరిహారము భూస్వాములకు దక్కెను గాని కౌలుదారులకు దక్కలేదు. శ్రీశైలము జలాశయమున ఊళ్లు మునిగినవారి బంధువులు మీలోనుండినచో, ఇంతకు మించి నేను చెప్పనక్కరలేదు.

ఇక ఆ నగరపు నేటి కథ వినుడు. ఇరువదవ శతాబ్దమున కార్ఖానాలు సన్నగిల్లుచుండగా, బర్మింగుహాము సభ మరల వృద్ధిమార్గమును వెదకెను. లోకమునందలి వర్తకులను రప్పించుటకై 1976లో జాతీయ ప్రదర్శనశాలను, 1991లో మహాసభాభవనమును తెరచెను. వ్యాపారము వచ్చెను. అయితే ఆ సభ కొలువులోనే యొక లోపము పెరుగుచుండెను. వంటపని, శుభ్రముచేయు పని, రోగుల పరిచర్య చేయు స్త్రీలకు, అంతే విలువగల పని చేయు పురుషులకు దక్కు అదనపు సొమ్ము దక్కలేదు. ఆ స్త్రీలు న్యాయస్థానముల కెక్కిరి. 2012లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పెను. ఆ బాకీలు తీర్చుటకై 2015లో ప్రదర్శనశాలల వ్యాపారమును 30 కోట్ల 70 లక్షల పౌనులకు అమ్ముకొనవలసివచ్చెను.

అదియు చాలలేదు. లెక్కలు వ్రాయుటకై పెట్టిన క్రొత్త కంప్యూటరు వ్యవస్థ చెడి, దాని వ్యయము అనుకొన్నదానికి ఎన్నోరెట్లు పెరిగెను. 2023 సెప్టెంబరులో ఆ సభ, చట్టము విధించిన పనులకు తప్ప క్రొత్తగా ఏమియు వెచ్చింపజాలమని ప్రకటించుకొనెను. ప్రభుత్వము పైనుండి అధికారులను పంపెను. 2024లో ఇంటిపన్ను నూటికి పదివంతుల మేర పెరిగెను. నూటయేబదియేండ్లక్రితము అప్పుచేసి లాభము చూపిన సభయే యిది!

దీనివలన అప్పు చేయరాదని మీరు తలపరాదు. చేంబర్లేను చేసినదియు అప్పే. ఆ యప్పునకు బదులుగా ఊరికి ఆస్తి మిగిలెను. నేడు ఆ సభను క్రుంగదీసిన బాకీయో, తన కొలువువారికి ఏండ్లతరబడి ఈయక నిలిపిన కూలి. కూలియెగవేత అప్పుకంటె ప్రమాదకరమైన అప్పు. అది చిట్టాలో కానరాదు, వడ్డీతో తిరిగివచ్చును.

పట్టణాభివృద్ధి యను మాట వినబడినప్పుడు మనము మూడు ప్రశ్నలు వేయవలెను. తెచ్చు అప్పు తన వడ్డీని తాను కట్టుకొనునా? పుట్టు ఆస్తి ఊరి పేర నిలుచునా, అమ్ముడుపోవునా? దానివలన స్థానము కోల్పోవువారు ఎవరు, వారికి ముందుగానే చోటు చూపితిరా? మొదటి రెండింటిని మా పట్టణసభలో కొందరైనను తలచిరి. మూడవదానిని తట్టలరైతు ఒక్కడే తలచెను. ఆతనికి ఆ సభలో నోరులేదు, ఆ పట్టణమున ఓటును లేదు.

అయినను మనకు మార్గము లేకపోలేదు. 1992లో చేయబడి 1993 జూను 1వ తేదీనుండి అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము, ఆర్థిక సామాజికాభివృద్ధికై ప్రణాళిక వేయు పనిని పురపాలక సంస్థలకు అప్పగింపదగిన పదునెనిమిది పనులలో చేర్చెను. ఆ సవరణమే ప్రతి జిల్లాకు ప్రణాళికా సంఘ మొకటి యుండవలెననియు, అది పంచాయతీల ప్రణాళికలను, పురపాలక సంస్థల ప్రణాళికలను కలిపి కూర్పవలెననియు చెప్పినది. ఆ సంఘమున అయిదింట నాలుగువంతులకు తక్కువకాని సభ్యులు జిల్లా పంచాయతీ, పురపాలక సభల సభ్యులలోనుండి, పల్లెజనము పట్టణజనముల నిష్పత్తినిబట్టి ఎన్నుకొనబడవలెను. అనగా పట్టణపు అంగడిని గూర్చి మాటాడుటకు పల్లెకు పీట వేయబడియున్నది. ఆ పీటపై కూర్చున్నారా, ఆ సంఘము కూడుచున్నదా, కూడి యేమి నిర్ణయించినదని మీమీ ప్రతినిధులను అడుగుట మీ పని.

మేము చేసినది చెప్పి ముగింతును. మా చుట్టుప్రక్కల ఏడు పంచాయతీల పెద్దలు కూడి, నాచేత నొక వినతిపత్రము వ్రాయించిరి. దుకాణములు కట్టవలదని మేము వ్రాయలేదు. క్రింది అంతస్తు నేలను తట్టల అంగడికే విడువుడనియు, కట్టడము ముగియువరకు దింపుకొనుటకు వేరుచోటు ముందుగా చూపుడనియు మాత్రమే కోరితిమి. ఆ పత్రమును నేనును, ఆ రైతును కలిసి పోయి పురపాలక కార్యాలయమున నిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొని వచ్చితిమి. సభ వచ్చు నెలలో మరల కూడును. మేము మరల పోయి చూచువారి బల్లలపై కూర్చుందుము. ఈ పర్యాయము ఒక్కరమో ఇద్దరమో కాదు, ఏడూళ్లవారము పోవుదుము.

సెలవు.